జనగణమన బాణీ దాటి: మార్గరెట్ కజిన్స్ జీవిత చరిత్రపై ఒక ఎడిటర్ కేస్ స్టడీ

తిరుపతిలో ఉంటూ జీవిత చరిత్రలు, జ్ఞాపకాల పుస్తకాలు ఎడిట్ చేయడం నా పని. ఆ మధ్య ఒక రిటైర్డ్ లెక్చరర్ తన రాతప్రతి పట్టుకొచ్చారు. ఆయనది మదనపల్లె వైపు. ఉద్యోగం అయిపోయాక తిరుపతిలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. డిగ్రీ చదివే ఆడపిల్లలకు ఉచితంగా పంచడానికి ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ మహిళల హక్కుల కోసం పనిచేసిన మార్గరెట్ కజిన్స్ మీద సొంత డబ్బుతో చిన్న పుస్తకం వేయించాలన్నది ఆయన కోరిక. డెమ్మీ సైజు, నాలుగు ఫారాలు, అంటే 64 పేజీలు దాటకూడదు. పేపరు రేట్లు చూస్తే ఆయన జాగ్రత్త అర్థమవుతుంది.

ఈ పని ఎలా సాగిందో వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ ఎదురైన చిక్కు ఈ ఒక్క పుస్తకానిది కాదు. వేరే దేశం నుంచి వచ్చి, మన మధ్య బతికి, రాసి, ఇక్కడే కన్నుమూసిన ఆడవాళ్ల గురించి తెలుగులో ఏ ప్రతి చేతికొచ్చినా దాదాపు ఇదే వరస. ఆమె మనకేం ఇచ్చిందో చెబుతారు. రోజూ కూర్చుని ఏం పని చేసిందో చెప్పరు.

ప్రతి ఎలా ఉంది

నిజానికి ప్రతి బాగుంది. సార్ భాష సాఫీగా నడుస్తుంది, తప్పులు తక్కువ. ఇలాంటి ప్రతులతోనే ఎడిటర్‌కి అసలు కష్టం. వాక్యాలు బాగున్నప్పుడు లోపం ఎక్కడుందో తొందరగా దొరకదు. అందుకే పేజీలు పక్కన పెట్టి ఏళ్లు లెక్కేశాను. మార్గరెట్ 1878 నవంబర్ 7న ఐర్లండ్‌లోని బాయిల్ అనే ఊళ్లో పుట్టారు, 1954 మార్చి 11న మద్రాసులోని అడయార్‌లో పోయారు. ఆ 75 ఏళ్ల జీవితంలో, 1919లో ఠాగూర్ మదనపల్లెకు వచ్చి ఉన్న కొద్ది రోజులే పుస్తకంలో సగానికి పైగా ఆక్రమించాయి. ఇండియాకు రాకముందు గడిచిన 36 ఏళ్లూ ఒక్క పేరా. 1919 తర్వాతి 35 ఏళ్లు పేజీన్నర. ఆమె రాసిన పుస్తకాల పేర్లు చివర్లో ఒకే వాక్యంలో, కామాల మధ్య.

ఇంకోటి కూడా కనిపించింది. ఠాగూర్ ‘వచ్చారు’, ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ‘ఆహ్వానించారు’, మార్గరెట్ మాత్రం ‘పియానో వాయించింది’. సార్‌కి చూపిస్తే నవ్వేసి, “అలవాటు మా, ఏం చేసేది” అన్నారు. అన్నిచోట్లా మార్చేశాం. దానికి పెద్ద చర్చేమీ అవసరం పడలేదు.

చర్చ అవసరమైంది మొదటి వాక్యం దగ్గర. ‘భర్త అడుగుజాడల్లో భారతదేశానికి తరలివచ్చిన ఈ ఇల్లాలు’ అని ఉంది. వినడానికి ఇంపుగా ఉన్నా, దాని తర్వాత ఏం రాసినా పాఠకురాలు ఆమెను జేమ్స్ నీడలోనే చూస్తుంది. ఈ వాక్యం తీసేస్తే పుస్తకం మొత్తం మళ్లీ కట్టాలి. అదే చేశాం.

ముందు బాణీ సంగతి

మదనపల్లెలో ఎవరినడిగినా జనగణమనకు బాణీ తమ ఊళ్లోనే పుట్టిందంటారు. ఆ ఊరికది గర్వకారణం, కాదనే పని లేదు. కానీ పిల్లల చేతికిచ్చే పుస్తకంలో వివరం సరిగ్గా ఉండాలి.

ఠాగూర్ ఆ పాటను అంతకు చాలా ముందే రాశారు. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో ఆ పాట వినిపించింది కూడా. అంటే అప్పటికే దానికొక వరస ఉంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన (థియోసాఫికల్) కళాశాలకు అతిథిగా వచ్చారు. అక్కడ జేమ్స్ ప్రిన్సిపాల్. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు ఠాగూర్ ఆ పాట పాడితే, పల్లవి అందుకుని పిల్లలంతా గొంతు కలిపారు. మార్గరెట్ సంగీతం తెలిసిన మనిషి. డబ్లిన్‌లో చదివి 1902లో సంగీతంలో డిగ్రీ తీసుకున్నారు. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టే పని ఆమె చేశారు. ఠాగూర్ పాటను అక్కడే ఇంగ్లిష్‌లోకి మార్చి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి, సొంత దస్తూరీతో రాసిచ్చారు. 1950 జనవరి 24న ఆ పాట జాతీయ గీతమైంది.

కాబట్టి ‘బాణీ కట్టారు’ అనేకంటే, కవి నోట విన్న పాటకు స్వరలిపి సిద్ధం చేశారు అంటే నిలబడుతుంది. సార్‌కి ఇది మింగుడు పడలేదు.

“అట్లంటే మా ఊరోళ్లు ఊరుకోరు మా. ఇన్నేండ్లు పిల్లకాయలకు ఇదే కదా చెప్పినాం.”

“తగ్గించడం లేదు సార్. ఎవరి పని ఎంతో అంత రాద్దాం. రేపు ఎవరైనా 1911 సంగతి ఎత్తితే మీ పుస్తకం మొత్తాన్నీ అనుమానిస్తారు.”

ఆయనకు ఆ రెండో మాట పట్టింది. ఠాగూర్ అధ్యాయం ఆరు పేజీలకు వచ్చింది. నా ఉద్దేశంలో ఇప్పటికీ ఒక పేజీ ఎక్కువే, కానీ డబ్బు ఆయనది, ఊరు ఆయనది.

ఐర్లండ్‌లో ఏం జరిగింది

ఆ 36 ఏళ్లను ఒక పేరాలో కుదిస్తే, తర్వాత ఇండియాలో ఆమె చేసినదంతా ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. బాయిల్‌లో పెద్ద కుటుంబం, అందులో ఈమే పెద్దపిల్ల. స్కాలర్‌షిప్‌తో డెర్రీలో హైస్కూల్, తర్వాత డబ్లిన్‌లో సంగీతం. 1903లో జేమ్స్ కజిన్స్‌తో పెళ్లి. ఆయన కవి, నాటకాలు రాసేవాడు. ఇద్దరూ శాకాహారులయ్యారు. ప్రూఫులో ఈ సంగతి చదివి తిరుపతి డిగ్రీ పిల్లలు ఎందుకో తెగ సంతోషపడ్డారు.

1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ పెట్టారు. ఆడవాళ్లకు ఓటు కావాలని గట్టిగా అడిగిన సంఘం అది. 1910లో లండన్ వెళ్లి ప్రధాని ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు హాలోవే జైల్లో నెల రోజులు. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి టల్లమూర్ జైలుకు వెళ్లారు. అక్కడ తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని నిరాహారదీక్ష చేసి, అది సాధించుకుని బయటికొచ్చారు.

సార్ ప్రతిలో ఈ రాళ్లు రువ్విన సంగతి లేదు. “ఆడపిల్లలకు ఇచ్చే పుస్తకం కదా” అని వెనకాడారు. ఆడపిల్లలకు ఇచ్చే పుస్తకం కాబట్టే ఉండాలని నేను పట్టుబట్టాను. ఇండియాలో ఇరవై ఏళ్లు సౌమ్యంగా ఉత్తరాలు రాసిన మనిషికి రాయి విసరడం కూడా తెలుసని తెలిస్తేనే, ఇక్కడ ఉత్తరాల దారి ఆమె ఎంచుకున్నదేనని పాఠకురాలికి అర్థమవుతుంది.

1915లో ఇద్దరూ ఇండియా వచ్చారు. అనిబిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో జేమ్స్‌కి ఉద్యోగం. మరుసటి ఏడాది డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగితే, తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ ఆయన వ్యాసం రాశారు. దాంతో ఆ ఉద్యోగం పోయి మదనపల్లె కాలేజీకి వచ్చారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడి అయిదేళ్లే. 1911 ఏప్రిల్‌లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తీసి కలిపిన కొత్త జిల్లా అది. 2022 దాకా మదనపల్లె అందులోనే ఉంది.

ఒక దరఖాస్తు కథ

పుస్తకానికి అసలు ఆయువుపట్టు ఇక్కడ దొరికింది. సార్ ప్రతిలో ఇది ‘మహిళల ఓటు హక్కు కోసం కూడా ఆమె కృషి చేసింది’ అన్న ఒక్క ముక్క. ‘కూడా’ అట!

మదనపల్లె వచ్చాక మార్గరెట్ అక్కడి ఆడవాళ్లను కూడగట్టి అబలా అభివర్ధినీ సమాజం అని ఒకటి నడిపారు. దివ్యజ్ఞాన సమాజంలో పనిచేసే డొరతీ జినరాజదాస దాన్ని చూసి, ఇలాంటిది దేశమంతా ఉంటే బాగుంటుందన్నారు. 1917 మే 8న అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనిబిసెంట్ అధ్యక్షురాలు. కార్యదర్శుల్లో మార్గరెట్, డొరతీ ఉన్నారు. దేశంలో అన్ని ప్రాంతాల ఆడవాళ్లకూ చోటిచ్చిన తొలి పెద్ద సంఘాల్లో ఇదొకటి. దానికి ముందు అడుగు మదనపల్లెలో పడిందన్న సంగతి మదనపల్లెలోనే చాలామందికి తెలియదు. బాణీ కంటే దీని గురించి ఆ ఊరు గొప్పగా చెప్పుకోవచ్చు.

ఆ ఏడాది చివర్లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు రాజకీయ సంస్కరణల గురించి అభిప్రాయాలు సేకరిస్తూ దేశం తిరుగుతున్నారు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటానికి మహిళల బృందానికి సమయం ఇవ్వమని మార్గరెట్ దరఖాస్తు పెట్టారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది.

మామూలుగా అయితే కథ ఇక్కడితో ఆగిపోవాలి. ఆఫీసుల్లో మన అర్జీలు ఆగేదీ ఇలాంటి జవాబు దగ్గరే. మార్గరెట్ మాత్రం రాజకీయమైతే రాజకీయమే అనుకుని, మహిళల ఓటు హక్కును అందులోకి తెచ్చి విన్నపం మళ్లీ రాశారు. స్వపరిపాలనలో ఓటు ఎవరికో నిర్ణయించేటప్పుడు ఆడవాళ్లనూ ప్రజలుగా లెక్కించాలని, ఆడవాళ్లయినందుకు అనర్హులయ్యేలా మాటలు పెట్టొద్దని అందులో అడిగారు. 1917 డిసెంబర్ 18న మద్రాసులో సరోజినీ నాయుడు నాయకత్వంలో బృందం మాంటేగును కలిసింది. వెంటనే ఏమీ ఒరగలేదు. 1919 చట్టం ఆ సంగతిని రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది. 1921లో మద్రాసు శాసనమండలి ఆ రాష్ట్రాల్లో అందరికంటే ముందు మహిళలకు ఓటు ఇస్తూ తీర్మానించింది. మగవాళ్లకున్న ఆస్తి షరతే వీళ్లకూ ఉంది కాబట్టి అది దక్కింది కొద్దిమందికే. అప్పట్లో చిత్తూరు జిల్లా మద్రాసులో భాగం. ఇక్కడ ఆస్తి ఉన్న ఆడవాళ్లకు ఓటు అలా వచ్చింది.

దీన్ని మూడు పేజీలకు పెంచి, మొదటి విన్నపం, ప్రభుత్వం జవాబు, రెండో విన్నపం వరసగా కనబడేలా రాయమని సార్‌ని అడిగాను. ఆయన రాసిన వాటిలో అన్నిటికంటే బాగా వచ్చిన భాగం ఇదే. ప్రూఫు దశలో కొంతమంది డిగ్రీ పిల్లలతో చదివించాం. ఒకమ్మాయి ఇక్కడ ఆగి, “మేడమ్, హాస్టల్లో నీళ్లు రాలేదని మేం రాసిన అర్జీ గూడా ఇట్లే తిప్పి పంపినారు. మేం మళ్లా రాయలేదు” అంది. ఠాగూర్ అధ్యాయం దగ్గర ఎవరూ అలా ఆగలేదు.

రచయిత్రి అంటే ఏం రాస్తే?

సార్ మొదట ఆమెను ‘సంఘసేవకురాలు’ అన్నారు. రచయిత్రి అనడానికి ఆయనకు అభ్యంతరం. కథలు రాయలేదు, కవిత్వం లేదు, పుస్తకాలు కూడా కొన్నే. ఆయన అన్నదాంట్లో నిజముంది. 1922లో ఆసియా మహిళల మేలుకొలుపు గురించి ఒక పుస్తకం, 1935లో తూర్పు పడమరల సంగీతం మీద మరొకటి, 1941లో భారత మహిళ స్థితి మీద ఇంకోటి. 1950లో భర్తతో వంతులవారీగా రాసిన ఆత్మకథ ‘వుయ్ టూ టుగెదర్’ వచ్చింది. అదొక్కటే కాస్త పేరున్నది.

కానీ ఆమె రాతలో ఎక్కువ భాగం పుస్తకాల్లో లేదు. సంఘం పత్రిక ‘స్త్రీధర్మ’ 1918లో మొదలైంది. దాని సంపాదకత్వంలో ఆమెకు ముఖ్యమైన చెయ్యి ఉంది. ఇంగ్లిష్‌తో పాటు అందులో తమిళ, తెలుగు, హిందీ రాతలకూ చోటుండేది. ఇక విన్నపాలు, సర్క్యులర్లు, నివేదికలు, శాఖలకు రాసిన ఉత్తరాలు. ఇవేవీ సాహిత్యం లెక్కలోకి రావు. వీటివల్లే పనులు జరిగాయి.

1926 ఉత్తరాన్ని చూడండి. ఆడపిల్లలకు ఎలాంటి చదువు కావాలో ఆడవాళ్లే చెప్పాలని బెంగాల్ విద్యాశాఖ అధికారి ఒకాయన కలకత్తాలో ఒక సభలో అన్నారు. ఆ మాట పత్రికలో వచ్చింది. మార్గరెట్ దాన్ని పట్టుకుని దేశంలో పలుచోట్ల మహిళలకు ఉత్తరం రాశారు: మీ ఊళ్లో కమిటీ వేసుకోండి, మీ ప్రాంతంలో సభ పెట్టి మీకేం కావాలో తేల్చండి, తర్వాత అందరం ఒకచోట కలుద్దాం. స్థానిక సభలు జరిగాయి. 1927 జనవరిలో పూనాలో అందరూ కలిశారు. అఖిల భారత మహిళా సభ అలా మొదలైంది. 1936లో మార్గరెట్టే దానికి అధ్యక్షురాలయ్యారు. నలుగురు చేరి ఏదైనా నడిపిన అనుభవం ఉన్నవాళ్లకు, ఆ ఉత్తరంలో కష్టమెక్కడో తెలుస్తుంది. సభకు రమ్మని పిలవడం సులువు. ముందు మీ దగ్గర మీరు సభ పెట్టుకోండి అని చెప్పి, ఆ తర్వాత అందరినీ ఒకచోటికి రప్పించడం సులువు కాదు.

ఇదంతా జీతం లేని పని. ఇల్లు గడిచింది ఎక్కువగా జేమ్స్ సంపాదన మీదే. కెరీర్ అన్న మాట వాడితే ఈ సంగతి కూడా చెప్పాలని నా పట్టు. ఉద్యోగంగా చెప్పుకోదగ్గవి మంగళూరులో జాతీయ బాలికల పాఠశాల బాధ్యత, మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటు పదవి లాంటివి కొన్నే. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు.

ఇబ్బంది పెట్టే భాగం

పుస్తకం పొగడ్తల దండ కాకూడదన్నప్పుడు సార్ ఒప్పుకున్నారు గానీ, ఏం రాయాలన్న చోట ఇద్దరికీ కాస్త టెన్షనే. మార్గరెట్ చూసిన భారత మహిళ చాలావరకు చదువుకున్న, పై కులాల, మంచి ఉద్యోగస్థుల ఇళ్ల మహిళ. ప్రాచీన కాలంలో స్త్రీకి అన్నీ ఉండేవనీ, మధ్యలో పోయాయనీ నమ్మే ధోరణి ఆమె రాతల్లో కనిపిస్తుంది. దివ్యజ్ఞాన సమాజం వాళ్లలో ఇది మామూలే. మదనపల్లె చుట్టుపక్కల చేలల్లో కూలికి పోయే ఆడవాళ్లు ఆమె పుస్తకాల్లో ఎంత వెతికినా దూరంగానే ఉంటారు. ఇది రాయడం ఆమెను దించడం కాదు. 1902 నుంచే తెలుగులో ‘హిందూ సుందరి’ లాంటి పత్రికల్లో మన ఆడవాళ్లు రాస్తున్నారు. భండారు అచ్చమాంబ అంతకుముందే స్త్రీల చరిత్రలు సేకరించారు. దొరసాని వచ్చి నిద్ర లేపిందన్న కథ అవసరం లేదని పాఠకురాలికి తెలియాలి. ఈ పేరా పెట్టడానికి సార్ చివరిదాకా తటపటాయించి, “సరే మా, నీ మాట మీద పెడతా ఉండా” అన్నారు.

దీనికి జవాబు లాంటిది ఆమె ఆత్మకథలోనే ఉంది. తర్వాతి కాలంలో పోరాటంలోకి దిగాలని మనసు లాగినా, ముందుకొస్తున్న భారతీయ మహిళా నాయకులకు తన ప్రత్యక్ష పాత్ర ఇక అవసరం లేదని, బహుశా వాళ్లు కోరుకోవడం లేదని కూడా అనిపించిందని ఆమె రాసుకున్నారు. వేరే దేశంలో పాతికేళ్లకు పైగా పనిచేసిన మనిషి ఈ సంగతి గ్రహించి రాయడం నాకు ఓటు విన్నపం కంటే పెద్ద విషయంగా కనిపించింది. సార్ దీన్ని ‘వినయం’ అని రాశారు. నేను ఆ మాట తీసేసి ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు ఉంచాను.

వేలూరు, అడయార్

చిత్తూరు వాళ్లకు వేలూరు అంటే సీఎంసీ ఆసుపత్రి. మార్గరెట్‌కి వేలూరు అంటే మహిళల జైలు. 1932లో ప్రభుత్వం అత్యవసర చట్టాలు తెచ్చి సభలు, మాటలు కట్టడి చేస్తుంటే, మద్రాసులో బహిరంగంగా వాటిని ఎదిరించి మాట్లాడినందుకు ఏడాది శిక్ష పడింది. అప్పటికి ఆమెకు 54 ఏళ్లు. మూడు దేశాల జైళ్లు చూసినట్టయింది. 1940ల్లో పక్షవాతం వచ్చింది. మద్రాసు ప్రభుత్వం, తర్వాత నెహ్రూ ఆమె సేవలను గుర్తిస్తూ డబ్బు సాయం చేశారు. ఆమె పోయిన రెండేళ్లకు, 1956లో, జేమ్స్ మదనపల్లెలోనే కన్నుమూశారు.

ఈ భాగాన్ని కావాలనే రెండు పేజీల్లో ముగించాం. జబ్బు, చావు సాగదీస్తే పుస్తకం సానుభూతి వైపు ఒరుగుతుంది.

అచ్చుకు ముందు

అట్ట దగ్గర చిన్న గొడవ. డీటీపీ కుర్రాడు ఠాగూర్ గడ్డం పెద్దదిగా, మార్గరెట్ మొహం మూలన చిన్నదిగా డిజైన్ చేసి పెట్టాడు. “అక్కా, ఠాగూర్ ఉంటే జనం చేతిలోకి తీసుకుంటారు” అన్నాడు. అమ్మే పుస్తకమైతే వాడి మాటే కరెక్టు. ఇది ఉచితంగా పంచేది కాబట్టి అట్ట మీద ఆమె ఒక్కరే ఉన్నారు. ఠాగూర్ లోపల, ఆయన అధ్యాయంలో ఉన్నారు.

ఇలాంటి పుస్తకం ఎడిట్ చేసేవాళ్లకు పనికొచ్చే ఇంకో విషయం పేర్ల సూచిక. ఆమె పెళ్లికి ముందు మార్గరెట్ గిలెస్పీ, రాతల్లో మార్గరెట్ ఇ. కజిన్స్, పాత పత్రికల్లో మిసెస్ కజిన్స్. ఆత్మకథ కొన్నిచోట్ల జేమ్స్ పేరు కింద మాత్రమే దొరుకుతుంది. మరింత చదవాలనుకునే అమ్మాయి లైబ్రరీకి వెళ్లి ఒక్క పేరుతో వెతికితే సగం చేతికి రాదు. అందుకే నాలుగు పేర్లూ సూచికలో విడివిడిగా వేసి, ప్రతిదాని పక్కనా మిగతా మూడూ చూడమని ఇచ్చాం. పేజీల లెక్కలో సూచికకు చోటు లేదని సార్ అంటే, ముందుమాటలో నా గురించి రాసిన పేరా తీయించి అక్కడ సర్దాను.